నాటకాల జైలు, అడవివరం జైలు

మా నాటక బృందం ఈసారి నాటక పోటీలు జరిపే పరిషత్తులకు సిద్ధం చేస్తున్న నాటికలో సగం కథ జైల్లోనే నడుస్తుంది. రచయిత ఇచ్చిన ప్రతిలో రెండు కొట్లాటలు, ఒక గోడ దూకడం, ఊచల్లోంచి కొడుకు ముఖం తడుముతూ ఏడ్చే తల్లి ఉన్నారు. ఇవన్నీ మనం వెండితెర మీద ఎన్నోసార్లు చూసినవే. అసలు జైలు ఎలా ఉంటుందో వీలైనంత దగ్గరగా చూశాకే రిహార్సల్స్ మొదలుపెడదామని తీర్మానించుకుని విశాఖలోనూ బయటా కొన్ని చోట్లకు వెళ్లాం. ఇలాంటి పని మీద తిరిగేవారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

మొదట నగరంలోని ఒక జైలు తరహా హోటల్‌కు వెళ్లాం. బల్లల చుట్టూ ఇనుప ఊచలు, నలుపు తెలుపు చారల చొక్కాల్లో వడ్డించేవాళ్లు, ఫొటోలు దిగడానికి ఉత్తుత్తి బేడీలు. బిర్యానీ బాగుంది, ధర ఎక్కువ. జైలు సంగతి తెలుసుకోవాలంటే మాత్రం వెళ్లవద్దు. రిమాండ్ ఖైదీలు సొంత బట్టలే వేసుకుంటారు. జైలు దుస్తులు శిక్ష పడినవారికి, అవీ తెల్లవి. కాళ్లకు సంకెళ్లు ఇష్టానుసారం వేయకూడదని సుప్రీంకోర్టు 1978లో సునీల్ బాత్రా కేసులో చెప్పింది. చేతి బేడీల గురించి 1980లో ప్రేమ్‌శంకర్ శుక్లా కేసులో ఇంకా గట్టిగా చెప్పింది. పక్క బల్ల దగ్గర ఒక పిల్లవాడికి బేడీలు తగిలించి ఇంటిల్లిపాదీ నవ్వుతుంటే నాకు ముద్ద దిగలేదు.

పాత జైలు స్థలంలో వెలసిన సిటీ సెంట్రల్ పార్కుకు టికెట్ తీసుకుని వెళ్లవచ్చు. ఆర్టీసీ కాంప్లెక్సుకు దగ్గర, నడకదారులు శుభ్రంగా ఉన్నాయి, సాయంత్రం సంగీత ఫౌంటెన్ పిల్లలకు నచ్చుతుంది. అయితే మేము తిరిగిన దారుల్లో ఆ స్థలం చరిత్ర చెప్పే బోర్డు ఒక్కటీ కనిపించలేదు. అక్కడ చెప్పవలసిన కథ ఉంది. విశాఖ జైలు గోడ మీద కరెంటు తీగ అమర్చి, చుట్టూ సాయుధ పోలీసులను కాపలా పెడితే, లోపలున్న నక్సలైట్ ఖైదీలు సుప్రీంకోర్టుకు వెళ్లారు. భువన్ మోహన్ పట్నాయక్ కేసుగా న్యాయవాదులందరికీ తెలిసిన ఆ వ్యాజ్యంలో 1974లో తీర్పు వచ్చింది. చట్టబద్ధమైన నిర్బంధం నుంచి పారిపోయే హక్కు ఎవరికీ లేదంటూ కోర్టు పిటిషన్ కొట్టేసింది. శిక్ష పడినంత మాత్రాన మనిషికి ప్రాథమిక హక్కులన్నీ పోవని కూడా అదే తీర్పులో చెప్పింది. తెర మీద గోడ దూకే వీరుడికి చప్పట్లు కొడతాం. ఆ గోడ లోపల కూర్చుని రాజ్యాంగాన్ని ఆశ్రయించినవారి కథ అంతకన్నా పెద్ద నాటకం.

సంగారెడ్డి పాత జైలు కాస్త దూరాభారం. విశాఖలో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారి హైదరాబాద్, అక్కడి నుంచి బస్సు. 1796లో కట్టిన ఆ జైలును 2016లో మ్యూజియం చేశారు. 500 రూపాయలు కడితే 24 గంటలు ఖైదీలా ఉండనిచ్చే ఏర్పాటు కూడా అప్పుడే మొదలైంది. వెళ్లేముందు ఫోను చేసి కనుక్కోవడం మంచిది. మా కథానాయకుడి పాత్రధారి ఆ రాత్రి అక్కడ పడుకున్నాడు. జైలు బట్టలు, పళ్లెం, గ్లాసు, దుప్పటి ఇచ్చారు. సేవల్లో లోటేమీ లేదు. పొద్దు వాలగానే తలుపుకు తాళం పడటం, చేతిలో ఫోను లేకపోవడం తనను బాగా కుదిపాయని చెప్పాడు. నటుడికి ఆ అనుభవం విలువైనదే. కానీ ఎన్నింటికి బయటికి వస్తాడో తనకు తెలుసు. పైగా గదంతా తనదే. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 4,36,266 మందికి చోటుంటే 5,73,220 మంది ఉన్నారు. వారిలో ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలు, అంటే ఇంకా నేరం రుజువు కానివారు.

ఆ ముగ్గురిని మన నాటకాల్లో వెతికితే దొరకరు. వారి మనుషులు కనిపించింది అడవివరం వెళ్లాకే.

హనుమంతవాక నుంచి అరిలోవ మీదుగా సింహాచలం వైపు వెళ్లే రోడ్డులో ఉంది కేంద్ర కారాగారం. బంధుత్వం ఉంటే తప్ప ములాఖత్ ఇవ్వరు కాబట్టి మేము బయటే ఉన్నాం. టీ కొట్టు దగ్గర చింతపల్లి వైపు నుంచి వచ్చిన ఒకామె పక్కన కూర్చున్నాను. ప్లాస్టిక్ కవరులో ఆధార్ జిరాక్సులు, మడత పెట్టిన ఒక లుంగీ. భర్త గంజాయి కేసులో లోపల ఉన్నాడు. ఇరవై కిలోలకు మించి పట్టుబడితే చట్టం దాన్ని వాణిజ్య పరిమాణం అంటుంది. నేరం రుజువైతే పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లు, బెయిలు బహు కష్టం, ఛార్జిషీటు వేయడానికే 180 రోజుల గడువు. ఇవేవీ ఆమెకు తెలియవు. మళ్లీ వాయిదా పడిందని మాత్రం తెలుసు.

ఆమె లోపలికి వెళ్లి కొద్దిసేపటికే వచ్చేసింది.

"ఏమన్నారమ్మా?" అని అడిగాను.

"పసుపు తవ్వారా, ఉడకబెట్టారా, కిలో ఎంతకు అడుగుతున్నారు అని అడిగాడు బాబూ. చెప్పేలోగా టైమైపోయింది."

కన్నీళ్లు లేవు, కేకలు లేవు. లుంగీని తీసుకున్నారా లేదా అని అడిగితే తీసుకున్నారంటూ ఖాళీ కవరు దులిపి చూపించి, జిరాక్సులను మళ్లీ అందులో పెట్టుకుంది. జైలు గురించి నాకు తెలియవలసినది ఆ పసుపు ధరలో ఉంది. లోపలివాడు ఇంటి లెక్కలు మోస్తూనే ఉంటాడు. పంట చేతికొచ్చే వేళకు తాను ఉంటాడో లేదో చెప్పగలిగినవారు ఎవరూ ఉండరు. మన రచయితలు శిక్ష గురించి రాస్తారు, పగ గురించి రాస్తారు. ఈ అంతులేని ఎదురుచూపును ఎందుకో పట్టించుకోరు. యావజ్జీవమంటే పద్నాలుగేళ్లేనని, రాత్రీ పగలూ వేరువేరుగా లెక్కేస్తారని పాత్రల చేత అనిపిస్తారు. రెండూ తప్పే. యావజ్జీవమంటే బతికినంతకాలమని సుప్రీంకోర్టు 1961లోనే స్పష్టం చేసింది. పద్నాలుగేళ్లన్నది హత్య వంటి నేరాల్లో ప్రభుత్వం ముందుగా విడుదల చేయాలన్నా ఆగవలసిన కనీస గడువు.

ఆమె ముందురోజు రాత్రి కాంప్లెక్సు బెంచీ మీద గడిపిందట. ఏజెన్సీ నుంచి తెల్లవారి బస్సు పట్టుకుంటే ములాఖత్ వేళకు అందుకోలేమని భయం. అలా వచ్చేవారికి సింహాచలం కొండ దిగువన బస చూసుకోవడం మేలు. అక్కడి నుంచి జైలుకు ఆటోలో దగ్గర. ఈ-ప్రిజన్స్ వెబ్‌సైటులో ములాఖత్‌కు ముందుగా నమోదు చేసుకోవచ్చు, ఊళ్లో చదువుకున్న కుర్రవాడి సాయం తీసుకోండి. గుర్తింపు కార్డు అసలు కూడా దగ్గర ఉంచుకోండి. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోయినా, నిర్బంధంలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కును 1987 నాటి చట్టం ఇచ్చింది. 15100కు ఫోను చేయవచ్చు, లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు నేరుగా అర్జీ పెట్టవచ్చు. ఆ నంబరును ఆమె జిరాక్సు కాగితం వెనక పెద్ద అంకెలతో రాసి ఇచ్చాను. మీకు ఆ రోడ్డులో ఎవరైనా కవరు పట్టుకుని కనిపిస్తే మీరూ రాసి ఇవ్వండి.