ఫ్యాన్ బెల్టు మార్చేది కిలోమీటర్లు చూసా, బెల్టు చూసా?

వానలు మొదలయ్యాయంటే కార్లున్న మనవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. "పొద్దున్నే స్టార్ట్ చేస్తే కీచుమంటోందండి, కాసేపటికి తగ్గిపోతోంది. బెల్టు మార్చేయమంటారా?" ఆ వెనకే రెండో మాట: "పుస్తకం ప్రకారం ఇంకా టైముందండి. మెకానిక్కేమో పగుళ్ళు లేవు, లాగుద్ది అంటున్నాడు."

ముందుగా ఒక హెచ్చరిక. నేను చెప్పేది ఇంజిన్ బయట బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ని, ఏసీ కంప్రెసర్‌ని, చాలా బళ్ళలో వాటర్ పంపుని తిప్పే బెల్టు గురించి. ఇంజిన్ వాల్వుల్ని వేళకి తెరిచి మూయించే, లోపలుండే టైమింగ్ బెల్టు సంగతి వేరు. అది కంటికి కనపడదు, తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు వంగిపోతాయి. దానికి కంపెనీ చెప్పిన లెక్కే లెక్క, ఇక వాదన లేదు.

బయటి బెల్టుకి కిలోమీటర్ల లెక్క పెట్టుకుంటే సుఖమే. బానెట్ ఎత్తక్కర్లేదు, ఎవరితోనూ వాదించక్కర్లేదు. ఇప్పటి బెల్టులు ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరువి. మామూలు వాడకంలో లక్ష నుంచి లక్షా అరవై వేల కిలోమీటర్ల దాకా వస్తాయని అంటారు. కంపెనీని బట్టి పుస్తకంలో ఇంకా తక్కువే రాసి ఉండొచ్చు. తాడేపల్లిగూడెం నుంచి హైవే ఎక్కి రోజూ విజయవాడ వెళ్ళొచ్చే బండికి ఈ లెక్క చక్కగా సరిపోతుంది.

మిగతా గోదావరి డెల్టాకే సరిపోదు. అబ్బాయి హైదరాబాదులో ఉంటాడు, కారు అమలాపురంలో షెడ్డులో ఉంటుంది, సంక్రాంతికీ పెళ్ళిళ్ళకీ బయటికొస్తుంది. ఐదేళ్ళయినా మీటరు ఇరవై వేలు దాటదు. ఈలోగా ఉప్పుగాలికి పుల్లీల, అంటే బెల్టు తిరిగే చక్రాల, గాడులు తుప్పు పడతాయి. బండి తీసిన రోజు ఆ తుప్పు గరుకు కాగితంలా బెల్టుని గీకేస్తుంది. ఇంకోపక్క లంక రోడ్ల మీద, సఖినేటిపల్లిలో గోదావరి దాటించే పంటు ఎక్కే చోట, చెరువుగట్ల మీద తిరిగే బళ్ళున్నాయి. వీటికి కింద నుంచి ఒండ్రునీళ్ళు ఎగజిమ్ముతాయి. నీళ్ళు ఆరిపోతాయి, ఒండ్రు మిగిలిపోతుంది. నా దృష్టిలో ఇక్కడ బెల్టు ఆయుష్షు తేల్చేది ఈ సన్నటి మట్టే. మాన్యువల్లో 'కఠిన పరిస్థితులు' అని ఇంకో పట్టిక ఉంటుంది, దుమ్ము, బురద, దగ్గర దూరాల తిరుగుడు ఎక్కువున్న బళ్ళకి. మనవాళ్ళు ఆ పేజీ తిప్పరు.

ఇక బెల్టు చూసి మార్చడం. నేను మొగ్గేది ఇటే, కానీ చూడటం తెలిసుండాలి. పగుళ్ళు వెతకడం పాత నియోప్రీన్ బెల్టుల కాలం నాటి అలవాటు. ఆ రబ్బరు ఎండి పగిలేది. ఈపీడీఎం అంత తొందరగా పగలదు, అరుగుతుంది. పైకి కొత్తదానిలా నల్లగా ఉంటూనే బెల్టు లోపలివైపు గట్ల మధ్యనుండే చాళ్ళు లోతైపోతాయి. కొత్త బెల్టులో గట్టు అంచులు పుల్లీ గాడి గోడల్ని ఒరుసుకుని పట్టు ఇస్తాయి, చాలు అడుగున కాస్త ఖాళీ ఉంటుంది, పడిన నీళ్ళు అందులోంచి పోతాయి. అరిగాక ఆ ఖాళీ ఉండదు. పుల్లీ పళ్ళు చాలు అడుగునే తగులుతాయి, నీళ్ళకి దారి లేక బెల్టు జారుతుంది. వానపొద్దు కీచుమనడం వెనకున్న కథ ఇదే. రాత్రంతా నిలబడిన బండికి స్టార్ట్ అయిన వెంటనే బ్యాటరీ చార్జింగ్ బరువు కూడా ఆల్టర్నేటర్ మీదే పడుతుంది కాబట్టి అప్పుడే ఎక్కువ అరుస్తుంది.

ఈమధ్య నా బండికి మార్పించినప్పుడు పాలకొల్లు మెకానిక్కు బెల్టుని వేళ్ళ మీద తిరగేసి చూపించాడు. "చూడండి, ఎక్కడా చిన్న పగులు లేదండి. ఇంకో ఏడాది ఢోకా లేదండి" అన్నాడు. కొత్తది పక్కన పెట్టమన్నాను. కొత్తదాని చాలు చూపుడువేలి గోటికి ఆనీ ఆననట్టుంది. పాతదాంట్లో గోరు దిగి నిలబడింది, బయటికి తీస్తే గోటినిండా బూడిదరంగు ఒండ్రు. చాళ్ళ అడుగు అద్దంలా మెరుస్తోంది. అలా మెరిసిందంటే పుల్లీ అక్కడ ఒరుసుకుంటోందని అర్థం. ఆయన ఇంకేం మాట్లాడకుండా పాతదాన్ని మూలన పడేశాడు.

అరుపు వినిపిస్తే నీళ్ళ పరీక్ష చేయొచ్చు. ఇంజిన్ నడుస్తుండగా చాళ్ళ వైపు కాసిని నీళ్ళు చిలకరించండి, మెడలో తువ్వాలు తీసి పక్కన పెట్టాకే. అరుపు పెరిగితే బెల్టు జారుతున్నట్టు: అరుగుదలైనా కావాలి, బెల్టుని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ పట్టు వదిలైనా ఉండాలి. కాసేపు ఆగి మళ్ళీ మొదలైతే పుల్లీలు ఒక వరసలో లేనట్టు. రెండో దానికి బెల్టు మార్చి లాభం లేదు, కొత్తది కూడా నాలుగు రోజుల్లో పాట అందుకుంటుంది.

బెల్టు ఒక్కటే మార్చాలా, టెన్షనర్, బెల్టుకి దారి చూపే ఐడ్లర్ పుల్లీ కూడానా? ఖర్చు దగ్గరే వెనకాడతారు, ఎందుకంటే టెన్షనర్ ఖరీదు బెల్టు కన్నా ఎక్కువే ఉంటుంది. బెల్టు తీసేసిన ఆ కాసేపు పుల్లీలన్నీ చేత్తో తిప్పి చూడండి. గరగరమన్నా, అటూ ఇటూ ఊగినా బేరింగు పోయినట్టే, మార్చేయండి. నిశ్శబ్దంగా, నున్నగా తిరిగితే మొదటిసారి బెల్టు మార్చేటప్పుడు వాటిని వదిలేయొచ్చు. రెండోసారి మార్చేటప్పుడు మాత్రం మూడూ కలిపి మార్చడమే నాకిష్టం, బురదలో తిరిగే బండికి మరీను. ఒక్క లేబర్‌తో పోతుంది.

తెగేదాకా నడుపుదాం అనేవాళ్ళకి ఒకటే ప్రశ్న: మీ బండిలో వాటర్ పంపు ఈ బెల్టు మీదే ఉందా? ఉంటే తెగిన కొద్ది నిమిషాల్లోనే ఇంజిన్ వేడెక్కిపోతుంది, పక్కన ఆపేయాల్సిందే. గోదావరి దాటే చించినాడ వంతెన మీద ఆ ముచ్చట ఎలా ఉంటుందో ఊహించుకోండి. పంపు దాని మీద లేకపోతే ఏసీ, లైట్లు కట్టేసి బ్యాటరీ మీద దగ్గర్లోని ఊరు చేరొచ్చు, పగలైతే. అరవకుండా కొట్టే స్ప్రేల గురించి చెప్పడానికేం లేదు. జిగురుకి ఒండ్రు ఇంకా అంటుకుంటుంది.

నేను పాటించేది ఇదీ. వరదనీళ్ళలో దిగిన బండికి నీళ్ళు తీశాక మంచినీళ్ళతో బెల్టు, పుల్లీలు కడిగించి, చాళ్ళు చూపించుకోవాలి. మామూలుగా ఏటా వానల ముందు ఒకసారి, కోతలయ్యాక ఒకసారి చూడాలి. గోరు దిగితే మీటరు ఎంత చూపించినా మార్చేయాలి. దిగకపోయినా పుస్తకం గడువు దాటనివ్వను, షెడ్డులో ఉండే బండికైతే గడువు కిలోమీటర్లలో కాదు, ఏళ్ళలో చూస్తాను.

కొనేటప్పుడు పాత బెల్టు వీపు మీద నంబరు చదువుకోండి. 6పీకే 1050 అంటే ఆరు గట్లు, 1050 మిల్లీమీటర్ల పొడవు. ఒక గట్టు తక్కువున్నది 'సరిపోద్దండి' అని షాపులో ఇస్తే తీసుకోవద్దు. ఇంకొకటి, పాతది విప్పకముందే బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎటు తిరిగిందో ఫోనులో ఫోటో తీసుకోండి. బానెట్ కింద ఉండే స్టిక్కరు మన తేమకి ఎప్పుడో ఊడిపోయుంటుంది.