స్పార్కాసేనా, యాప్ బ్యాంకా? జర్మనీలో మొదటి నెల బ్యాంకు గోల

సెప్టెంబర్ వచ్చిందంటే చాలు, జూనియర్ల దగ్గర్నుంచి ఒకటే మెసేజ్. "అన్నా, గిరోకాంటో ఎక్కడ ఓపెన్ చెయ్యమంటావ్, స్పార్కాసేనా లేక ఏదైనా యాప్ బ్యాంకా?" గిరోకాంటో అంటే జీతం, రెంట్ నడిచే మామూలు బ్యాంకు అకౌంట్, స్పార్కాసె అంటే బ్రాంచులున్న లోకల్ సేవింగ్స్ బ్యాంకు, యాప్ బ్యాంకు అంటే బ్రాంచ్ లేకుండా ఫోన్‌లోనే నడిచేది. ఏపీఎస్ (మన సర్టిఫికెట్ల వెరిఫికేషన్), బ్లాక్డ్ అకౌంట్ (ఏడాది ఖర్చుల డబ్బు ముందే వేసి, నెలనెలా కొంత తీసుకునేది), వీసా అన్నీ దాటొచ్చినోళ్లకి అవన్నీ మళ్లీ చెప్పక్కర్లేదు, డైరెక్ట్‌గా విషయానికొస్తా.

అందరూ ముందు అడిగేది నెలకి ఫీజెంత అని. స్టూడెంట్ అంటే చాలా బ్యాంకుల్లో ఎలాగూ ఫ్రీయే, దాని గురించి బుర్ర పాడుచేసుకోకండి. మీ పాస్‌పోర్ట్‌ని ఎవరు చెక్ చేస్తారు, ఎలా చేస్తారు అన్నది చూడండి. బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు పెట్టొచ్చినా సరే, మీ పేరు మీద ఐబాన్ (అకౌంట్ నంబర్) చేతికొచ్చేదాకా నెలనెలా రావాల్సిన ఆ 992 కదలదు. ఈలోపు రూమ్ డిపాజిట్, రెంట్, దుప్పటి, కుక్కర్ అంటూ ఇంటి దగ్గర లోడ్ చేయించుకున్న ఫారెక్స్ కార్డు హారతి కర్పూరంలా కరిగిపోద్ది.

నేను ముందు యాప్ బ్యాంకుకే వెళ్లా (పేరెందుకులే). వీడియో కాల్‌లో ఆవిడ పాస్‌పోర్ట్ ఇలా వంచు, అలా వంచు, వేలు తియ్యి, లైట్ దగ్గరికి రా అంటూ పావుగంట ఆడించింది, చివరికి "కుదరలేదు" అని కట్. మూడుసార్లు ఇదే కథ. మూడోసారి తర్వాత తీరిగ్గా మెయిల్ పెట్టారు, ఈ డాక్యుమెంట్ మేం తీసుకోం అని. అప్పటికి పదకొండు రోజులు పోయాయి.

స్పార్కాసెలో మాత్రం టెర్మిన్ (అపాయింట్‌మెంట్) తీసుకుని పాస్‌పోర్ట్, యూనివర్సిటీ లెటర్, ఆన్‌మెల్డుంగ్ (అడ్రస్ రిజిస్ట్రేషన్) కాగితం పట్టుకెళ్తే, కౌంటర్‌లో ఆయన పాస్‌పోర్ట్ చేత్తో తిప్పి చూసి, జిరాక్స్ తీసుకుని, నలభై నిమిషాల్లో ఐబాన్ ప్రింట్ ఇచ్చాడు. ఇంకోటి, మనవాళ్లలో కొందరికి పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటది, ఇంటిపేరుతో సహా మొత్తం గివెన్ నేమ్‌లోనే కుక్కేసి ఉంటది. యాప్‌లో ఆ గడి నింపకపోతే ముందుకే పోదు, నింపితే పాస్‌పోర్ట్‌తో మ్యాచ్ అవ్వదు. కౌంటర్‌లో మనిషైతే ఏదో ఒకటి చేస్తాడు.

అలాగని యాప్‌ని తీసిపారెయ్యను. ఆదివారం రాత్రి మంచం మీద పడుకుని ఇంగ్లీషులో అకౌంట్ తెరవొచ్చు, స్పార్కాసె ఉత్తరాలేమో అన్నీ జర్మన్‌లోనే. పైగా ఊరికో స్పార్కాసె, దేనికదే వేరే బ్యాంకు, రేపు ఉద్యోగం మ్యూనిక్‌లో వస్తే అక్కడి బ్రాంచ్ మీ అకౌంట్ ముట్టుకోదు. ఇంకా రూమ్ దొరక్క ఫ్రెండ్ సోఫా మీద ఉంటే, ఆన్‌మెల్డుంగ్ లేదు కాబట్టి బ్రాంచ్‌లో తర్వాత రండి అనే ఛాన్సే ఎక్కువ, అలాంటప్పుడు యాప్ ట్రై చేసుకోవడమే నయం. ఎక్కడా ఇవ్వకపోతే బాసిస్‌కాంటో (బేసిక్ అకౌంట్) అని అడగండి, 2016 నుంచి అది చట్టం ఇచ్చిన హక్కు, అప్లికేషన్ పూర్తిగా ఇస్తే పది పనిదినాల్లో తేల్చాలి. ఫీజు ఉంటది, అంతే.

బ్లాక్డ్ అకౌంట్ వాళ్లు ప్యాకేజీలో కలిపిచ్చే అకౌంట్ మొదటి రెండు నెలలకి పర్లేదు. వైజ్ యాప్ ఇంటికి డబ్బులు పంపడానికి బాగుంటది, కానీ దాని ఐబాన్ బీఈతో మొదలయ్యే బెల్జియంది, అది చూసి మొహం మాడ్చే ఇంటి ఓనర్లు ఉన్నారు, రూల్ ప్రకారం వద్దనకూడదు అయినా సరే.

కార్డు సంగతి కూడా చూడండి. మా వీధి బేకరీలో ఇప్పటికీ గిరోకార్డ్ (జర్మన్ డెబిట్ కార్డు) లేదా క్యాష్, మాస్టర్‌కార్డ్ చూపిస్తే కౌంటర్‌లో ఆవిడ తల అడ్డంగా ఊపుద్ది. స్పార్కాసె కార్డు అక్కడ పనిచేస్తది.

వీసా దగ్గరికొస్తే, ఔస్‌లాండర్‌బెహోర్డెలో (విదేశీయుల పర్మిట్లు చూసే ఆఫీసు) టెర్మిన్ దొరక్కపోయినా వీసా అయిపోయే లోపే రెసిడెన్స్ పర్మిట్‌కి అప్లై చేసి పెట్టుకోండి, ఆ ప్రూఫ్ దాచుకోండి. ఎక్స్‌టెన్షన్‌కి మళ్లీ డబ్బులు చూపించాలి, అందుకని పార్ట్‌టైమ్ జీతం నాలుగు అకౌంట్లలో పడకుండా ఒక్కదాంట్లోనే వేయించుకుంటే స్టేట్‌మెంట్ తీసి ఇచ్చేయొచ్చు.

ఏ బ్యాంకు తీసుకున్నా ముందు పోస్ట్‌బాక్స్ మీద మీ పేరు అంటించండి. కార్డు ఒక కవర్లో, పిన్ ఇంకో కవర్లో వస్తాయి, పేరు లేకపోతే పోస్ట్‌మ్యాన్ వెనక్కి పట్టుకుపోతాడు. నాది పద్నాలుగు అక్షరాల ఇంటిపేరు, స్టిక్కర్ మీద సగమే పట్టింది, పిన్ కవర్ రెండుసార్లు తిరిగెళ్లింది.