పర్లాకిమిడిలో ధ్యానం క్లాసు: సహస్రారం నేర్చుకోవాలనుకునేవాళ్ళకి

ప్యాలెస్ వైపు వీధిలో, మేడ మీద హాల్లో పొద్దున్నే జరిగే యోగా క్లాసు ఎలా ఉందని చాలామంది అడుగుతున్నారు. బాగుంది, వెళ్ళండి. కుండలిని (వెన్ను అడుగున నిద్రపోతుంటుందని యోగంలో చెప్పే శక్తి) మేల్కొల్పుతాం, సహస్రారం (నడినెత్తి దగ్గర ఉంటుందని చెప్పే ఏడో చక్రం) తెరిపిస్తాం అనే వీడియోలు చూసి అయోమయంలో పడ్డవాళ్ళయితే తప్పకుండా వెళ్ళండి.

మనం చేరగానే మాస్టారు నడినెత్తి మీద దృష్టి పెట్టమనరు. ముందు నడుం నిలబెట్టి కూర్చోవడం, తర్వాత నాడీశోధన (ఒక్కో ముక్కురంధ్రంతో మార్చి మార్చి ఊపిరి తీయడం), అది కుదిరాకే వెన్ను అడుగునున్న మూలాధారం నుంచి ఒక్కో చక్రం దగ్గరా ఆగుతూ పైకి. చక్రాలని పద్మాలుగా ఊహిస్తారు. మూలాధారానికి 4 రేకులు, స్వాధిష్ఠానానికి 6, మణిపూరానికి 10, అనాహతానికి 12, విశుద్ధానికి 16, ఆజ్ఞకి 2, మొత్తం 50, ఒక్కో రేకుకి ఒక్కో సంస్కృత అక్షరం, ఆ 50 అక్షరాలూ ఇరవైసార్లు తిరిగితే సహస్రారంలో 1000 రేకులు అని ఆయన లెక్క కట్టి చెబుతుంటే, ఎన్నో శుక్రవారాలుగా లలితా సహస్రనామంలో చదువుతున్న ‘సహస్రారాంబుజారూఢా’ అన్న నామం నాకు కొత్తగా వినిపించింది. గోడ మీది పటంలో సహస్రారం ఊదారంగులో ఉంటుంది గానీ ఏడు చక్రాలకీ వేసే ఈ ఏడు రంగుల వరస గత శతాబ్దంలో పడమటి దేశాల్లో పుట్టిందట. పూర్ణానందులు 1577లో రాసిన ‘షట్చక్ర నిరూపణం’లో మాత్రం అది నిండు చంద్రుడికన్నా తెల్లగా, కిందికి ముఖం పెట్టిన పద్మం. తన పటం గురించే ఇంత నిజాయితీగా చెప్పే గురువు మీద నాకు నమ్మకం కుదిరింది.

నెత్తి మీద చీమలు పాకినట్టుందనీ, వెలుగు కనిపించిందనీ ఎవరైనా చెబితే ఆయన విని ఊరుకుంటారు, ఊపిరి నెమ్మదించిందా, ఇంట్లో కోపం తగ్గిందా అని అడుగుతారు. నాకు నిద్ర బాగా పడుతోంది, టెన్షన్ తగ్గింది. అది శక్తి పైకెక్కడం వల్లేనని నేను చెప్పను, రోజూ కదలకుండా కూర్చోవడమే చాలా మేలు చేస్తుంది.

శీర్షాసనం విషయంలో మాత్రం ఒప్పుకోలేను. బీపీ, గ్లకోమా (కంటి జబ్బు), మెడనొప్పి ఉన్నాయా అని అడగకుండానే కొత్తవాళ్ళ చేత కూడా వేయిస్తున్నారు, ఇది ప్రమాదం, మార్చుకోవాలి. మీకు అలాంటివి ఉంటే ముందే చెప్పి పక్కన కూర్చోండి, బలవంతం చేయరు. ఒడియా, తెలుగు కలిపి చెబుతారు కాబట్టి పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నం నుంచి వచ్చేవాళ్ళకీ ఇబ్బంది లేదు. చాప మాత్రం ఇంటి నుంచే తెచ్చుకోండి, అక్కడున్నవి సరిపోవు.