గడప దాటని క్లబ్‌హౌస్‌కు 65 పౌండ్లు

స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌కు స్నేహితులతో కలిసి గోల్ఫ్ ఆడడానికి వెళ్లాలనుకునేవారు, ఏ నిర్వాహకుడైనా "చారిత్రక క్లబ్‌హౌస్‌లో భోజనం" అని రాసి పంపితే, అది ఏ క్లబ్‌హౌస్ అని ముందే అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది. మేము అడగలేదు. 2024 జూన్‌లో నేను, మా బావగారు, మరో ఇద్దరు మిత్రులు మనిషికి 265 పౌండ్లు కట్టి ఒక రోజు సరదా పోటీలో చేరాము. రశీదులో అందులో 65 పౌండ్లు ఆ భోజనానికేనని విడిగా చూపారు. కరపత్రం మీద ఉన్న ఫొటో మాత్రం ఓల్డ్ కోర్సు అనే ప్రఖ్యాత గోల్ఫ్ మైదానంలో ఆట మొదలుపెట్టే మొదటి టీ వెనుక ఠీవిగా నిలబడిన ఆ ప్రసిద్ధ రాతి భవనానిదే.

ఎడిన్‌బరో నుంచి లూకర్స్ స్టేషనుకు రైలులో సుమారు గంట, అక్కడి నుంచి బస్సు; ప్రయాణంలో ఏ ఇబ్బందీ కలగలేదు. బస కూడా శుభ్రంగానే ఉంది.

ఓల్డ్ కోర్సు మీద ఆడాలన్నదే అందరి కోరిక. ఆ వేసవిలో దాని రుసుము 320 పౌండ్లు. అయితే ముందుగా సమయం కుదుర్చుకోనివారికి డబ్బు ఉన్నంత మాత్రాన అవకాశం దొరకదు; ఆటకు రెండు రోజుల ముందు మధ్యాహ్నం 2 గంటలలోపు లాటరీకి పేర్లు ఇచ్చి, అదృష్టం కోసం ఎదురుచూడాలి. మేము విడిగా పేర్లు ఇచ్చాము, రాలేదు. అందువల్ల పోటీ జరిగిన న్యూ కోర్సు అనే మరో మైదానంతోనే తృప్తిపడ్డాము. పేరుకు అది కొత్తదే గాని, ఆ కాలపు ప్రసిద్ధ గోల్ఫ్ ఆటగాడు ఓల్డ్ టామ్ మోరిస్ దాన్ని తీర్చిదిద్దింది 1895లో. పాయింట్లు లెక్కించే స్టేబుల్‌ఫోర్డ్ పద్ధతిలో ఆడాము. ఒక హోల్‌లో, అంటే ఒక గుంత దాకా సాగే ఆటలో, ఎంత ఘోరంగా ఆడినా సున్నాతో సరిపెట్టుకుని ముందుకు పోవచ్చు కాబట్టి, అంతంతమాత్రం ఆటగాళ్లున్న మాలాంటి బృందానికి ఇంతకు మించిన పద్ధతి లేదు. గడ్డి కత్తిరించిన బాటల్లాంటి ఫెయిర్‌వేల అంచున ముళ్ల పొదలున్నాయి. బావగారు నాలుగో హోల్‌లో బంతి కోసం అందులో చేయి పెట్టి, మణికట్టు మీద ఎర్రటి గీతలతో బయటకు వచ్చారు. దొరికిన బంతి ఆయనది కాదు. సముద్రం మీది నుంచి వచ్చే గాలికి నా బంతి ఒకసారి బయల్దేరిన వైపుకే తిరిగి వస్తున్నట్టు కనిపించింది. అయినా అందరం హుషారుగానే ఉన్నాము.

ఆ హుషారు భోజన సమయానికి ఆవిరైపోయింది. నిర్వాహకుడి మనిషి మమ్మల్ని ఆ రాతి భవనం వైపు కాకుండా, 1995లో తెరిచిన లింక్స్ క్లబ్‌హౌస్‌కు తీసుకుపోయాడు. ఆ భవనాన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు; విశాలంగా, వెలుతురుగా ఉంది, వడ్డించినవారు ఎంతో మర్యాదస్తులు. కాని అది ఎవరైనా నేరుగా లోపలికి నడిచివెళ్లి, తమకు కావలసింది తెప్పించుకుని తినగల చోటు. మాకు సూప్, సాండ్‌విచ్, కాఫీ ఇచ్చారు. పక్క బల్ల మీద మరచిపోయిన మా బృందం బిల్లును మా మిత్రుడొకడు చూడకుండా ఉండలేకపోయాడు: నలుగురికి కలిపి 72 పౌండ్లు. మా దగ్గర తీసుకున్నది 260. బావగారు సాండ్‌విచ్‌ను సగంలో వదిలేసి, "ఫొటోలోది ఇదేనా బాబూ?" అని అడిగారు. మమ్మల్ని తీసుకొచ్చిన కుర్రవాడు అదే ప్రాంతంలోని క్లబ్‌హౌస్ అని నసిగాడు. 29 ఏళ్ల కట్టడం చారిత్రకం ఎలా అయిందన్న ప్రశ్నకు అతని దగ్గర జవాబు లేదు.

తిన్న తరువాత మేమే ఆ పాత భవనం దాకా నడిచాము. తలుపు దగ్గరున్న ఉద్యోగి, సభ్యుల వెంట వచ్చిన అతిథులకు తప్ప ఇతరులకు ప్రవేశం లేదని ఎంతో సౌమ్యంగా చెప్పాడు. అతని మాట న్యాయమే. 1754లో 22 మంది పెద్దలు కలిసి పెట్టుకున్న రాయల్ అండ్ ఏన్షియెంట్ క్లబ్బు 1854లో కట్టుకున్న సొంత ఇల్లది. ఓల్డ్ కోర్సేమో అందరిదీ. కోర్సు ప్రజలది, దాని ఎదుటి క్లబ్‌హౌస్ సభ్యులది అన్న ఈ తేడా తెలియకనే మాలాంటివారు మోసపోతారు. ఆ క్లబ్బు ఆడవారిని సభ్యులుగా చేర్చుకోవడానికి ఓటు వేసింది కూడా 2014 సెప్టెంబరులోనే. సరిగ్గా స్కాట్లాండ్ స్వాతంత్ర్యంపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగిన రోజున.

మరునాడు మా మనసు కుదుటపరచినది ఒకప్పటి ఆడవారి పుణ్యమే. సముద్రం ఒడ్డున "హిమాలయాలు" అని పిలిచే, బంతిని మెల్లగా గుంతలోకి దొర్లించే పటింగ్ మైదానం ఉంది. భుజం ఎత్తు దాటి కర్ర ఊపడం ఆడవారికి తగదని భావించిన కాలంలో, 1867లో, లేడీస్ పటింగ్ క్లబ్బు ఇక్కడ మొదలైంది. ఇప్పుడు కొద్దిపాటి పౌండ్లు చెల్లిస్తే ఎవరైనా ఆడవచ్చు. ఆటగాడి స్థాయిని చూపే హ్యాండిక్యాప్ అక్కర్లేదు, పటర్ అనే కర్ర, బంతి వారే ఇస్తారు. ఒంటె మూపుల్లాంటి ఆ పచ్చటి గుట్టల మీద నేను కొట్టిన బంతి ఎక్కింది, క్షణం ఆగింది, ఆలోచించుకున్నట్టు పక్కకు వంగి, సరిగ్గా నా పాదాల దగ్గరికే వచ్చి చేరింది. మా వెనుక ఆడుతున్న ఏడెనిమిదేళ్ల పిల్ల పగలబడి నవ్వింది. నిన్నటి నుంచి ముక్తసరిగా మాట్లాడుతున్న బావగారు కూడా నవ్వి, ఇంకో ఆట ఆడదామన్నారు. ఆ ఊళ్లో నేను పెట్టిన ఖర్చులో పూర్తిగా గిట్టుబాటయినది ఇదొక్కటే. సమయం తక్కువైతే ఊళ్లోని గోల్ఫ్ మ్యూజియాన్ని వదులుకోండి గాని, దీన్ని వదులుకోకండి.

నిర్వాహకుడికి రశీదు, ఫొటో జతచేసి ఉత్తరం రాస్తే, పది రోజుల తరువాత "సద్భావంతో" మనిషికి 20 పౌండ్లు తిరిగి పంపాడు. క్షమాపణ మాత్రం పంపలేదు. సొంతంగా వెళ్లేవారు న్యూ కోర్సు సమయాన్ని నేరుగా తామే కుదుర్చుకుంటే మధ్యవర్తి వాటా మిగులుతుంది. పాయింట్లు లెక్కపెట్టుకోవడానికి ఒక కాగితం, పెన్సిలు చాలు.

ఇంకొక మాట: వీలైతే ఆదివారం దాకా ఉండండి. ఆ రోజు ఓల్డ్ కోర్సు మీద మామూలుగా ఆట ఉండదు, ఊరివారు కుక్కలను వెంటబెట్టుకుని దాని మీద షికారు చేస్తారు. మేము కూడా కోర్సులోని స్విల్కన్ అనే చిన్న రాతి వంతెన దాటి, చివరి గుంత ఉండే పచ్చిక అయిన పద్దెనిమిదో గ్రీన్ దాకా పైసా ఖర్చు లేకుండా నడిచాము. అక్కడ బావగారు నిలబడి ఫొటో తీయమన్నారు. వెనుక ఆ క్లబ్‌హౌస్ ఎంత అందంగా ఉన్నదంటే నేను దాన్ని కలుపుకుని తీయబోయాను. ఆయన చేయి అడ్డుపెట్టి, పక్కకు రెండడుగులు జరిగి, సముద్రం వైపు వీపు పెట్టి నిలబడ్డారు.