పట్నంల ‘స్టూడియో’ రూముకు అడ్వాన్స్ కట్టేముందు కరెంటు బిల్లు చూపియ్యమనుండ్రి

నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు దిక్కు నుంచి గచ్చిబౌలి, కొండాపూర్, మాదాపూర్‌కు ఉద్యోగాలకు పోయే పిల్లల కోసం, వాళ్ల అమ్మనాన్నల కోసం ఇది రాస్తున్న. ‘స్టూడియో అపార్ట్‌మెంట్, ఫుల్లీ ఫర్నిష్డ్, బ్రోకరేజీ లేదు’ అని యాడ్ కనపడంగనే ఫోన్‌పేల టోకెన్ కొట్టకుండ్రి. మా చెల్లె కట్టిన 36,000 అడ్వాన్స్‌ల తిరిగొచ్చింది 3,500.

దందా ఎట్ల నడుస్తదంటే, ఒకడు ఓనర్ దగ్గర ఫ్లాట్లకు ఫ్లాట్లు లీజుకు తీసుకుంటడు. మూడు బెడ్రూముల ఫ్లాటును జిప్సమ్ బోర్డులతోటి నాలుగైదు ముక్కలు చేస్తడు. ముక్కకొక మంచం, ఇండక్షన్ పొయ్యి, చెయ్యి పట్టనంత సింకు. ఇగ అది స్టూడియో, నెలకు 18,000. మిర్యాలగూడల ఆ పైసలకు మేడమీద మొత్తం పోర్షన్ ఇస్తరు. సరే, పట్నం కిరాయిలు పట్నంలెక్కనే ఉంటయి, దాని గురించి నా పంచాదేం లేదు. అసలు ఓనర్ ఎవరో ఆడ ఉండేటోళ్లకు ఎవ్వరికీ తెల్వదు, అదీ పంచాది. కనపడేది కేర్‌టేకర్ ఒక్కడే. అగ్రిమెంటు మీద సంతకం కూడ ఆయనదే.

రూముల ఉన్న కిటికీ సగమే మాది. పొలం గట్టు జరిపినట్టు బోర్డు గోడను సరిగ్గ కిటికీ నడుమకు తెచ్చి నిలబెట్టిండ్రు. ఒక రెక్క మా చెల్లె దిక్కు, ఇంకో రెక్క పక్కరూము పిల్ల దిక్కు. జరిపే రెక్కలు కాబట్టి మనం తెరిస్తే ఆమెది మూసుకుంటది. యాడ్ ఫొటోల మాత్రం పరద మొత్తం పరిచి, వెనక నుంచి ఎండ పడేటట్టు తీసిండ్రు.

ఎంసీబీ డబ్బా, అంటే లోడ్ ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్చుల డబ్బా, అవతలి రూముల ఉన్నది. శనివారం గీజర్ వేస్తే ట్రిప్ అయి మా చెల్లె రూముల కరెంటు పోయింది. ఆ రూముల ఉండే అబ్బాయి తాళమేసుకొని వాళ్ల ఊరికి పోయిండు. కేర్‌టేకర్‌కు ఫోన్ చేస్తే "సోమవారం వస్తడు కద మేడమ్, జర అడ్జస్ట్ చేసుకోండి" అన్నడు. ఎండకాలంల, కిటికీ సగం తెరుచుకునే రూముల!

ఇగ కరెంటు. సబ్ మీటర్ (ముక్కకొకటి వాళ్లే పెట్టుకున్న చిన్న మీటర్) పెట్టి యూనిట్‌కు 12 రూపాయలు తీసుకున్నరు. చెల్లె ఒక నెల 90 యూనిట్లు కాలిస్తే 1,080 కట్టింది. అదే తనకు సొంత సర్వీసు ఉంటే మొదటి 50 యూనిట్లకు 1.95, మిగిలిన 40 యూనిట్లకు 3.10 చొప్పున 221 రూపాయల యాభై పైసలు. ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు కలిపినా ఆ 1,080 దగ్గరికి రాదు. మొత్తం ఫ్లాటుకు ఒకటే మీటర్ కాబట్టి స్లాబ్ పెరుగుతది అని కేర్‌టేకర్ వాదన. పెరుగుతది, నిజమే. కాని ఇంటి కనెక్షన్‌కు 800 యూనిట్లు దాటినంక పడే అన్నిటికన్న పెద్ద రేటే 10 రూపాయలు. 12 ఎక్కడిది అంటే జవాబు లేదు. ఇంకోటి, గృహజ్యోతి 200 యూనిట్ల ఉచిత కరెంటు అర్హత ఉంటే కిరాయిదార్లకు కూడ వర్తిస్తది. సబ్ మీటర్‌కు సర్వీస్ నంబరే ఉండదు, ఏం చూపించి అప్లై చేస్తరు?

ఖాళీ చేసినప్పుడు అడ్వాన్స్‌ల పట్టుకున్నదాని లెక్క కేర్‌టేకర్ వాట్సాప్‌ల పంపిండు. లాక్-ఇన్ (ఇన్ని నెలలు ఉండాల్సిందే అనే షరతు) కింద ఒక నెల కిరాయి 18,000, పెయింటింగ్ 9,000, డీప్ క్లీనింగ్ 3,000, పరుపు డ్యామేజీ 2,500. పెయింటింగ్ సంగతి వినుండ్రి. చెల్లె దిగినప్పుడే సీలింగ్‌కు ఎవరో అంటించిన రేడియం చుక్కలున్నయి, గోడకు మేకుల బొక్కలున్నయి. అంతకుముందున్న అమ్మాయిని పట్టుకొని అడిగితే ఆమె దగ్గర కూడ పెయింటింగ్ కిందనే 9,000 పట్టుకున్నరట. చెల్లె బయటపడ్డ వారంలనే మళ్ల యాడ్ వచ్చింది, సీలింగ్ మీద అవే చుక్కలు.

ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం మామూలు వాడకంతోటి వచ్చే అరుగుదలకు కిరాయిదారు జవాబుదారు కాడు. కాని కాగితంల వేరే తీర్గ రాసుకుంటే ఆ రాసుకున్నదే నడుస్తది. వీళ్లు ఆ పెయింటింగ్ ముక్కను ఆరో పేజీల సన్నటి అక్షరాలల్ల పెట్టి, సంతకానికి మొదటి పేజీ, ఆఖరి పేజీ మాత్రమే ముందటేసిండ్రు. రెండు నెలల కిరాయికి మించి అడ్వాన్స్ తీసుకోవద్దని 2021ల కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టంల ఉన్నది. అది నమూనానే, రాష్ట్రం తన చట్టం చేసుకుంటేనే అమలు. అది చూపించి కొట్లాడుతం అంటే కుదరదు. పోలీస్ స్టేషన్‌కు పోతే సివిల్ మ్యాటర్ అన్నరు. ఇప్పుడు వకీలు తోటి నోటీసు పంపినం. నోటీసు అందినంక కేర్‌టేకర్ గొంతు జర మెత్తబడ్డది, "అన్నా, కూసొని మాట్లాడుకుందం" అంటున్నడు. పైసలు ఇంకా రాలే.

రూము చూడబోయేటోళ్లు ముందు ఒరిజినల్ కరెంటు బిల్లు అడుగుండ్రి. దాని మీద పేరుంటది. పీటీఐఎన్, అంటే ఇంటి పన్ను గుర్తింపు నంబర్ ఇస్తే మున్సిపల్ కార్పొరేషన్ సైటుల కూడ ఓనర్ పేరు కనపడతది. అగ్రిమెంటుల సంతకం పెట్టేటాయన పేరు వేరే ఉంటే, తిరిగి కిరాయికి ఇచ్చుకోవచ్చని ఓనర్ రాసిచ్చిన కాగితం చూడాలె. "కాగితం ఆఫీసుల ఉన్నది, రేపు పంపుతం" అంటే అడ్వాన్స్ కూడ రేపే కట్టుండ్రి. గోడను వేళ్లతోటి కొట్టి చూస్తే బోర్డు సంగతి ఆన్నే తేలిపోతది. సామాన్లు దించకముందే రూమంత వీడియో తీసి, ఆ వీడియో వాళ్ల నంబర్‌కే పంపుండ్రి, తేదీ తోటి సహా ఉంటది. ఇగ రూము చూపియ్యకుండనే టోకెన్ గుంజి ఫోన్ ఆఫ్ చేసేటోళ్లు వేరే ఉన్నరు. అట్లయితే ఆలస్యం చెయ్యకుండ సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టుండ్రి.

బిల్డింగ్ కూడ చూడుండ్రి. 2024 నవంబర్ల గచ్చిబౌలి సిద్దిక్ నగర్ల పక్క ప్లాటుల గుంత తవ్వుతే ఒక బిల్డింగే ఒరిగింది, దాన్ని జీహెచ్ఎంసీ కూలగొట్టింది. ఉండేటోళ్లు కట్టుబట్టలతోటి బయటికి ఉరికిండ్రు.

ఆఫీసు పక్కనే ఉండాలె అని పిల్లలు పట్టుబడతరు. మా చెల్లె ఇప్పుడు నాగోల్ల ఇంకో అమ్మాయితోటి కలిసి రెండు రూముల పోర్షన్ల ఉంటున్నది. నాగోల్ నుంచి రాయదుర్గంకు మెట్రో సీదా, మారే పనే లేదు. పొద్దున నిలబడి పోవాలె, అది ఒప్పుకోవాలె. ఓనరమ్మ కిందనే ఉంటది, కరెంటు మీటర్ వేరే ఉన్నది, బిల్లు ఎంతొస్తే అంతనే.