అసెంబుల్డ్ డెస్క్‌టాపా, సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాపా?

విజయవాడలో డిగ్రీ పిల్లలకు తక్కువలో కంప్యూటర్ కొనాలంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ఆఫీసులు వాడి తీసేసిన ల్యాప్‌టాప్ కొంటే చెత్తలోకి పోయే వస్తువుకు ఆయుష్షు పెంచినట్టే. హాస్టల్లో ఉండేవాళ్లకు అదే మేలు. కానీ ప్రాసెసర్ చూసుకోండి: ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాతదైతే సాధారణంగా విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, విండోస్ 10 సపోర్టేమో 2025 అక్టోబరు 14తో ముగిసింది. అలాంటి దాంట్లో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకోవచ్చు.

ఇంట్లో ఉండి చదివేవాళ్లకైతే నా ఓటు అసెంబుల్డ్‌కే, అంటే విడిభాగాలు కొని బిగించిన డెస్క్‌టాప్‌కే. ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) కాలిపోతే నాలుగు స్క్రూలు విప్పి అదొక్కటే మారుస్తారు. ర్యామ్ చాలకపోతే ఇంకో స్టిక్ గుచ్చుతారు. మిగతా పెట్టె అలాగే ఉంటుంది. పలచటి ల్యాప్‌టాపుల్లో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది.

ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బితే మాత్రం దయచేసి పాత సామాన్లవాడికి వేయకండి. లిథియం బ్యాటరీ నలిగితే నిప్పంటుకోవచ్చు.