కాన్వీ కోట ప్యాక్ కొనబోతున్నవాళ్లు ఆగండి

కోటల 3D మోడళ్లు ప్యాక్‌లుగా అమ్మే ఆ అన్న ఎవరో ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు, పేరు రాయను. పోయిన వారం ఆయన దగ్గర 'వేల్స్ కాన్వీ కోట, రియలిస్టిక్, లోపలి గదులతో సహా' అన్న మోడల్ 6,500 పెట్టి కొన్నాను. క్లయింటుకి వాక్‌త్రూ (కెమెరా కోటలో నడుస్తున్నట్టు చూపే వీడియో) ఇవ్వాలి, సోమవారం గడువు, మొత్తం నేనే చేసే టైమ్ లేదు.

శనివారం రాత్రి బ్లెండర్ అనే 3D సాఫ్ట్‌వేర్‌లో తెరిచి కెమెరాని బురుజు లోపలికి తీసుకెళ్లాను. బాణాలు వేసే సందు ఉండాల్సిన చోట గోడ మీద ఒక నల్ల గీత. రంధ్రం కాదండీ, టెక్స్‌చర్‌లో, అంటే గోడకి అతికించే బొమ్మలో, పూసిన నల్ల రంగు! బయట నుంచి సన్నగా కనబడే ఆ సందు లోపలికి వచ్చేకొద్దీ వెడల్పై, మనిషి నిలబడి విల్లు అటూ ఇటూ తిప్పేంత గూడు అవుతుంది. కోట గోడ ఎంత మందమో చూసేవాళ్లకి తెలిసేదే అక్కడ. ఇందులో మందమే లేదు, గోడలన్నీ ఒకే పొర, అంచు దగ్గర చూస్తే కాగితం.

కాన్వీకి 8 పెద్ద బురుజులు, వాటిలో లోపలి ప్రాంగణం వైపు నాలుగింటికే పైన చిన్న కావలి బురుజులు ఉంటాయి. ఈయన ఒక్కటి చేసి ఎనిమిది సార్లు కాపీ కొట్టి, అన్నింటికీ కావలి బురుజులు పెట్టి, వాటి మీద నీలం రంగు సూది కప్పులు తగిలించాడు. ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ 1283-1287 మధ్య కట్టించిన కోట మీదికి, 1869లో మొదలుపెట్టిన జర్మనీ కోట నోయిష్వాన్‌స్టైన్ కప్పు ఎలా వస్తుంది? కట్టేటప్పుడు పరంజా కర్రలు దూర్చిన రంధ్రాలు ఆ గోడల్లో ఇప్పటికీ కనబడతాయి, అవి ఒక్కటీ లేవు.

"అన్నా, లోపలి గదులు ఎక్కడున్నాయి?" అని మెసేజ్ పెడితే చూసి ఊరుకున్నాడు. ఫోన్ చేశాను. "తమ్ముడూ, నీ క్లయింటేమన్నా వేల్స్ వెళ్లి చూసొచ్చాడా? కోటంటే కోటే. అయినా పని రానోళ్లే కదా కొనుక్కునేది" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. డబ్బు పోయిన దానికన్నా ఆ మాటే ఇంకా గుచ్చుకుంటోంది. నాలుగేళ్లుగా కోటల ప్లాన్లు ముందేసుకుని రాళ్ల వరసలు పేరుస్తున్నవాణ్ణి, గడువు తక్కువై ఒకసారి కొంటే పని రానట్టా? రీఫండ్ అడిగితే "డిజిటల్ ఫైలు, వెనక్కి తీసుకోం" అని పెట్టేశాడు. ఇప్పుడు నా నంబర్ బ్లాక్.

తప్పు నాదీ ఉంది. ప్రివ్యూలన్నీ సాయంత్రం వెలుగులో, కింది నుంచి పైకి తీసినవే, మోడల్ లోపలి గీతల అల్లిక చూపే వైర్‌ఫ్రేమ్ బొమ్మ ఒక్కటీ లేదు. అనుమానం వచ్చింది కూడా, అయినా అడగలేదు. ఎందుకు అడగలేదా అని రెండు రోజులుగా నిద్ర లేదు.

ఆదివారమంతా కూర్చుని ఒక్క బురుజుకి గోడ మందం ఇచ్చి గూళ్లు తొలిచాను, ఇంకా ఏడున్నాయి. క్లయింటుకి ఉన్నదున్నట్టు చెప్పి వారం అడిగాను.

కొనేముందు వైర్‌ఫ్రేమ్ అడగండి, కెమెరా గదుల్లో తిరిగే చిన్న వీడియో పంపమనండి, పంపకపోతే డబ్బు వేయకండి. ఆయన దగ్గర ఇలాగే మోసపోయినవాళ్లు ఇంకెవరైనా ఉంటే కింద రాయండి.